బండి సీటు కింద రాత

ఆ నెల తొమ్మిదో తేదీ ఉదయం నా చేతిలో ఉన్నది లక్షా పన్నెండు వేలు. ముందున్నవి రెండు ఖర్చులు. ఒకటి, మా వీధి చివర మూతపడుతున్న బ్యాంకు శాఖ సామాను. నలభై ఇనుప బీరువాలు, ఇరవై రెండు బల్లలు, లెక్కపెట్టే ఓపిక వాళ్ళకే లేనన్ని కుర్చీలు. మొత్తం తొంభై ఐదు వేలు. ఇరవయ్యో తేదీ సాయంత్రంలోగా నగదు కట్టాలి, విడగొట్టి ఇవ్వరు. రెండోది, పద్దెనిమిదో తేదీన మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయి.

మొదటి ఖర్చు గురించి నాకు బెంగ లేదు. ఆ సామాను రెండు నెలల్లో అమ్మితే తక్కువలో తక్కువ అరవై వేలు మిగులుతుందని బ్యాంకు మెట్లు దిగేలోపే లెక్క తేల్చాను. రెండోదే తేలలేదు. ఆ తొమ్మిది రోజులూ అది నన్ను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

నేను పాత ఫర్నిచరు కొని, బాగుచేసి అమ్ముతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఇందులో నావి రెండు నియమాలు. మొదటిది, బేరంలో ధర ముందు మనం చెప్పకూడదు. అవతలివాడు నోరు తెరిచేదాకా బల్ల మీద దుమ్ము తుడుస్తూ ఉండాలి, దుమ్ము లేకపోయినా సరే. రెండోది, గోదాములోకి ఏ వస్తువు వచ్చినా బోర్లించి, దాని అడుగున కొన్న ధర తెల్లరంగు పెన్నుతో రాయాలి. అంకెల్లో కాదు. నాకు పది గుర్తులున్నాయి. నిచ్చెన, గాలం, జంట చుక్కలు, చేప, అలాంటివి. ఒక్కో గుర్తు ఒక్కో అంకె. కొనేవాడు కుర్చీ తిరగేసి చూసినా ఎవరో పిల్లలు గీశారనుకుంటాడు. నాకు మాత్రం ఎంతదాకా దిగొచ్చో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఆ గుర్తులు నాకు గాక ఇద్దరికే తెలుసు. ఒకరు పాలిష్ తాత. రేపటి నుంచి రానంటూ ఇరవై ఏళ్ళుగా రోజూ వస్తున్న ముసలి పనివాడు. రెండోవారు మా అమ్మాయి. తొమ్మిదో ఏట సెలవుల్లో గోదాములో ఆడుకుంటూ, ఎవరూ చెప్పకుండానే, అమ్మిన ధరనీ అమ్మాక నా మొహాన్నీ చూసి గుర్తులన్నీ పట్టేసింది. ఇంట్లో దాన్ని జడ్జిగారు అంటాం. చిన్నప్పుడు కేకు కోస్తుంటే స్కేలు తెచ్చి కొలిచేది. తనకు తక్కువ వస్తే అడిగి తీసుకునేది, ఎక్కువ వస్తే కోసి వాళ్ళన్న పళ్ళెంలో పడేసేది. అడిగి తీసుకున్నందుకు కాదు, కోసి ఇచ్చేసినందుకు మాకు అదంటే భయం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆవిడ మొదలుపెట్టింది. ఆమె పోస్టాఫీసులో కౌంటరు మీద పనిచేస్తుంది. రోజంతా కిటికీ అవతలి వాళ్ళకి చిల్లర లెక్కపెట్టి ఇచ్చే మనిషి. ఇంటికొచ్చాక మాటలూ అలాగే లెక్కపెట్టి ఇస్తుంది.

“ఏమాలోచించారు?”

“దేని గురించి?”

“తెలీనట్టు అడక్కండి. జడ్జిగారి పుట్టినరోజు గురించి.”

“చూస్తున్నా.”

“పెద్దోడికి పద్దెనిమిది నిండినప్పుడు తొంభై వేలు పెట్టి బండి కొన్నారు. దీనికి తొంభై ఒకటి పెట్టమనట్లేదు. తొంభై పెట్టండి.”

“బ్యాంకు సామాను ఉంది కదే! దానికి తొంభై ఐదు కావాలి. పోనీ గోదాములో ఆ డ్రాయింగు బల్ల ఇచ్చేస్తే? ఇళ్ళ ప్లాన్లు గీసే కోర్సులోనే కదా చేరబోతోంది. ఎలాగూ సెలవు రోజున దాని దగ్గరే కూర్చుంటుంది. బయట కొనాలంటే ముప్పై ఐదు వేలు.”

“అమ్ముడుపోని సరుకు కూతురికి అంటగడతారా?”

“అమ్ముడుపోకపోవడమేంటి? ఇంజనీరొకాయన ముప్పై నాలుగంటున్నాడు.”

“మీరెంతకి కొన్నారు?”

నేను కంచం అంచు తుడవడం మొదలుపెట్టాను.

“అదిగో, దుమ్ము తుడుస్తున్నారు,” అంది మా ఆవిడ. “ఇది దుకాణం కాదు, నేను కొనడానికి రాలేదు.”

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పెద్దోడి బండి తొంభై వేలు కాదు. అరవై రెండు వేల నాలుగు వందలు. షోరూంవాళ్ళు కొనేవాళ్ళ చేత నడిపించి చూపించే బండి అది. నాలుగు నెలలు తిరిగింది. గీతలు పడ్డ చోట రంగు వేయించుకుంటే కొత్తదానికీ దానికీ తేడా లేదు. అంత మంచి బేరం కుదిరితే మామూలుగా నేను నెల రోజులు వీధిలో చెప్పుకుని తిరిగేవాణ్ణి. కానీ చెప్పుకోలేదు. తొంభై అన్నాను.

కారణం యాభై కుర్చీలు. అదే నెలలో మూతపడ్డ సినిమా హాలు నుంచి చెక్క కుర్చీలు కొన్నాను. ప్లాస్టిక్ పట్టాలు చుట్టి పేర్చి ఉన్నాయి. వాన వచ్చేలా ఉంది, లారీవాడు హారను మోగిస్తున్నాడు. ఒక్కటంటే ఒక్కటి తిరగేసి చూడలేదు. గోదాములో విప్పితే కాళ్ళ లోపలంతా పురుగు తిన్న పొడి. కూర్చున్న మొదటి కుర్చీ నన్ను నేలమీద దింపి తాను మాయమైపోయింది. ఇరవై ఏడు వేల ఆరు వందలు. పక్క బజారు వ్యాపారులు కూడా సలహాకి వచ్చే నేను, ప్రతి వస్తువూ బోర్లించి చూసే నేను. మా ఆవిడ నోటి వెంట “తిరగేసి చూశారా?” అన్న ఒక్క ప్రశ్న వినలేక, ఆ నష్టాన్ని తీసుకెళ్ళి బండి ధరలో కలిపేశాను. అరవై రెండు నాలుగు, ఇరవై ఏడు ఆరు, సరిగ్గా తొంభై. అంత చక్కగా కుదిరిన అబద్ధం నాకు మళ్ళీ దొరకలేదు.

మూడేళ్ళ తర్వాత అదే నా మెడకు చుట్టుకుంది. ఇద్దరికీ సమానంగా పెట్టాలి, సరే. ఏ సమానం? ఇంట్లోవాళ్ళకు తెలిసిన తొంభయ్యా, నాకు తెలిసిన అరవై రెండు నాలుగా? రెండింటిలో ఏది పెట్టినా బ్యాంకు సామాను చేజారుతుంది. అరవై రెండు నాలుగు పెట్టి అంతే పెట్టానంటే, ఆడపిల్లకి తక్కువ చేశాడన్న మాట పడతాను. కాదని నిరూపించాలంటే కుర్చీలు బయటికి తీయాలి.

మర్నాటి నుంచి బజారు మీద పడ్డాను. ఒకచోట గడియారం చూశాను. అద్దాల అవతల వెలుగులో ముప్పై వేలు చెప్పింది ఆ కొట్లో పనిచేసే పిల్ల. ఆ వెలుగుకీ, ఆ చల్లటి గదికీ, ఆమె వేసుకున్న కోటుకీ కలిపి పదిహేను వేలు నేనే కడుతున్నానని తెలుస్తూనే ఉంది. నగల కొట్టు గుమ్మం ఎక్కి దిగాను. కెమెరాల కొట్లో గంటసేపున్నాను. దాని తాలూకు సంచి ఉచితమా అని అడిగితే కాదన్నాడు, బయటికొచ్చేశాను. చిల్లర ధరకి కొనడమంటే నా ఒంటికి పడదు. మూడు పూటలు తిరిగి చెప్పులరిగాయి తప్ప జేబు కదల్లేదు. గోదాముకి తిరిగొచ్చి ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచేవాణ్ణి. పాలిష్ తాత కాసేపు చూసి, “ఓనరుగారూ, కాస్త ఈ గుడ్డ కాళ్ళకి కట్టుకుని నడవండి. నేల మెరుస్తుంది,” అన్నాడు.

“దాన్నే అడగొచ్చు కదా?” అంది మా ఆవిడ.

అడగలేను. ఏం కావాలని అడిగితే అది వస్తువు పేరు చెప్పదు, “ఎంతలో?” అంటుంది. ఎంతలో అని చెప్పడమంటే ధర ముందు నేను చెప్పడమే. అదీ అంతే. ఆ నాలుగు రోజులూ నా ఎదుట కూర్చుని తింది, నా ఎదుటే చదువుకుంది, ఒక్కసారి కూడా పుట్టినరోజు మాట ఎత్తలేదు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని లేని దుమ్ము తుడుస్తున్నాం.

చివరికి పెద్దోణ్ణి పిలిచాను. వాడు లిఫ్టులు బిగించే కంపెనీలో పనిచేస్తున్నాడు.

“ఒరే, చెల్లికేం కావాలో మెల్లిగా కనుక్కో. నేనడిగానని చెప్పకు.”

మర్నాడు పని మీద పోతూ గోదాము ముందు బండి ఆపాడు.

“కనుక్కున్నా నాన్నా.”

“ఏమంది?”

“నాన్న పంపించాడా అంది.”

“నువ్వేమన్నావు?”

“లేదన్నా.”

“తర్వాత?”

“అయితే నాన్నకి చెప్పు, ధర ముందు ఆయన్నే చెప్పమను అంది.”

పాలిష్ తాత చేతిలో బ్రష్షు జారిపోయేలా నవ్వాడు. “మీ సరుకే మీకు తిరిగొచ్చింది ఓనరుగారూ. కవరు కూడా విప్పలేదు.”

పద్నాలుగో తేదీకి నాకు దారి దొరికిందనుకున్నాను. మా ఆవిడ తమ్ముడు పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాడు. అతని దగ్గర ఒక ల్యాప్‌టాప్ ఉంది. రెండేళ్ళు వాడింది. గీతలు గీసే సాఫ్టువేర్లు బరువైనవట, వాటికి ఇది సరిపోతుందన్నాడు.

“కొత్తది ఎనభై తొమ్మిది వేల తొమ్మిది వందలు బావా. ఇది నీకు నలభై ఒకటిన్నరకి వేస్తా. కీబోర్డు కొత్తది వేసి, బ్యాటరీ మార్చి, అట్టపెట్టె కూడా కొత్తది సంపాదిస్తా. దాని అమ్మ కూడా గుర్తుపట్టదు.”

“దాని అమ్మ అంటే మీ అక్కేరా.”

“అందుకే చెబుతున్నా. బిల్లెంతకి రాయమంటావు?”

నేను అతని గాజుబల్ల తుడుస్తూ నిలబడ్డాను. లెక్క చక్కగా ఉంది. ఇంట్లోవాళ్ళకి తొంభై. నాకు నలభై ఒకటిన్నర. బ్యాంకు సామానుకి తగ్గే పాతిక వేలు నెల రోజులకి అతనే సర్దుతానన్నాడు. గౌరవం, సరుకు, అరవై వేల లాభం, అన్నీ ఒకే పెట్టెలో పడుతున్నాయి.

“తొంభైకి రాయి,” అన్నాను. ఐదు వేలు బయానా ఇచ్చాను. లక్షా ఏడు వేలు మిగిలింది.

బేరం కుదిరితే నేను హాయిగా నిద్రపోయే మనిషిని. ఆ పూట మాత్రం మధ్యాహ్నం కునుకు కూడా పట్టలేదు. పడుకుంటే అట్టపెట్టె కనిపిస్తోంది. లేచి బీరువా తాళాలు సరిచూశాను. సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ చూశాను.

పదహారో తేదీ సెలవు. పెద్దోడు గోదాము ముందు బండి కడుగుతానని వచ్చి, సీటు విప్పి గోడకి ఆనించి, సబ్బు లేదని కొట్టుకి వెళ్ళాడు. అమ్మాయి లోపల కొత్తగా వచ్చిన స్టూళ్ళకి ధరలు రాస్తోంది. నేను చెబుతుంటే తెల్లపెన్నుతో గుర్తులు వేస్తోంది. పని అయ్యాక పెన్ను మూత పెట్టి, బయటికెళ్ళి ఆ సీటు పట్టుకొచ్చి నా ఒళ్ళో బోర్లించింది.

“ఇది ఎవరి రాత నాన్నా?”

నల్లటి ప్లాస్టిక్ మీద, మూలగా, వెలిసిపోయిన తెల్లరంగు. నిచ్చెన, జంట చుక్కలు, గాలం, రెండు చేపలు. అరవై రెండు వేల నాలుగు వందలు.

బండి తెచ్చిన రోజు పెద్దోడి కంట పడకూడదని ఒక రోజు గోదాములో దాచాను. గోదాములోకి వచ్చిన వస్తువు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఊళ్ళో ఇంకెవ్వరూ ఇలాంటి తప్పు చెయ్యరు. అబద్ధం ఆడేవాడెవడైనా దాని అడుగున నిజం రాసిపెడతాడా?

“ఎప్పుడు చూశావు?” అన్నాను.

“బండి వచ్చిన వారానికే. కడుగుతున్నప్పుడు.”

“మూడేళ్ళ నుంచీ తెలుసా నీకు! అన్నయ్యకి చెప్పలేదా?”

“వాడికి గుర్తులు రావు. అయినా బండి బాగానే నడుస్తోందిగా. మంచి బేరమే కొట్టావు. కానీ బేరం కొట్టి కూడా ఎందుకు చెప్పుకోలేదా అని మూడేళ్ళ నుంచీ ఆలోచిస్తున్నా. నువ్వు అలా ఊరుకునే మనిషివి కాదు.”

తాత పక్కనే బల్లకి రంగు వేస్తున్నాడు. గట్టిగా దగ్గి, ఉన్నట్టుండి అవసరమొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు. నేను కుర్చీల సంగతి చెప్పేశాను. పట్టాలు, వాన, లారీ హారను, పొడి, అన్నీ. చెబుతూ లేచి నడవడం మొదలుపెట్టాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఇప్పుడు నాకెంత పెడుతున్నావు నాన్నా?”

బల్ల కోసం చూశాను. చుట్టూ ఇన్ని బల్లలున్నా తుడవడానికి ఒక్కటీ చేతికందే దూరంలో లేదు.

“మామయ్య దగ్గర ల్యాప్‌టాప్ చూశావట కదా,” అంది.

“ఎవరు చెప్పారు?”

“మామయ్యే. నాకే ఫోన్ చేసి ఏ రంగు కవరు కావాలన్నాడు. ఎవరికీ చెప్పొద్దని మరీ చెప్పాడు.”

“వాడి నోట్లో…”

“ధర చెప్పలేదులే. అందుకే నిన్నడుగుతున్నా. దాని కింద ఏం రాస్తావు? తొంభై అని చెప్పి కింద ఇంకోటి రాస్తావా?”

నేను తెల్లపెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాను.

“నాకు పది వేల వస్తువు ఇచ్చినా పర్లేదు. పదే అని చెప్పి ఇవ్వు. ఇన్నాళ్ళూ చిన్నదాన్ని, నువ్వు చెప్పింది విన్నా. ఇక్కడ కూర్చుని వందల కుర్చీలకి నీ ధరలు రాశా, ఒక్కటీ బయట చెప్పలేదు. ఎల్లుండి నాకు కూడా పైన ఒకటి చెప్పి కింద ఒకటి రాస్తే, నేను కూడా దారిన పోతూ కుర్చీ కొనడానికి వచ్చినదాన్నే అవుతా. అప్పుడు ఇంక ఇక్కడికి రాను నాన్నా. కోపంతో కాదు. రాను, అంతే.”

ఆ చివరి మాట అని అటు తిరిగింది. వెంటనే సీటు తీసుకుని బయటికి పోయింది. పెద్దోడు సబ్బుతో వచ్చేసరికి సీటు గోడకి ఆనించే ఉంది, రాత లోపలివైపుకి తిప్పి.

వ్యాపారంలో నేను ఎన్నో సార్లు బయానా వదులుకున్నాను. ఒక వస్తువు చేతికి రాకముందే దాని నష్టం కనిపిస్తే వదిలించుకోవడమే లాభం. కానీ ఇక్కడ లెక్క వేరు. నిజం చెబితే పోయేవి నాకు తెలుసు, అంకెల్లో రాయగలను. బ్యాంకు సామాను మీద అరవై వేలు, ఇంట్లో నా మాట, వీధిలో నా పేరు. చెప్పకపోతే పోయేది ఒక్కటే, సెలవు రోజున ఆ మూల డ్రాయింగు బల్ల దగ్గర కూర్చునే మనిషి. దానికి ఏ గుర్తు వేయాలో తెలియలేదు. ఆ సాయంత్రం వీధి ఈ చివర నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో, బ్యాంకు కాపలావాడు, “ఇంకా నాలుగు రోజులుందండీ, సామాను ఎక్కడికీ పోదు,” అన్నాడు.

పదిహేడున బావమరిది కొట్టుకి వెళ్ళి బేరం రద్దన్నాను.

“అయ్యో బావా! కీబోర్డు మార్చేశాను. పెట్టె కూడా తెప్పించాను.”

“పెట్టె నువ్వే ఉంచుకో.”

“చుట్టరికం చుట్టరికమే, బ్యాటరీ బ్యాటరీయే,” అని మూడు వేలు చేతిలో పెట్టి రెండు వేలు ఉంచేసుకున్నాడు. చేతిలో లక్షా పది వేలు.

పద్దెనిమిదో తేదీ ఉదయం నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. కేకు ఉంది, స్కేలు లేదు. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పగలిగిన మాట కాదు.

“బండి తొంభై కాదు,” అన్నాను. “అరవై రెండు వేల నాలుగు వందలు. మిగతాది నేను పురుగు పట్టిన కుర్చీలు కొని పోగొట్టుకున్నాను.”

పెద్దోడు కేకు మీంచి తలెత్తి నా వైపు చూశాడు. తర్వాత మా ఆవిడ, నేను మూడేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న అడిగింది.

“తిరగేసి చూశారా?”

“లేదు.”

“నష్టం వస్తే వచ్చింది,” అంది. “రోజంతా నేను కిటికీ ఇవతల కూర్చుంటా. ఇంటికొస్తే మీరు నన్ను కిటికీ అవతల నిలబెట్టారు. మూడేళ్ళు.” లేచి వెళ్ళి పళ్ళాలు తెచ్చింది. వాటిని బల్ల మీద పెట్టిన చప్పుడులో మిగతా మాటలన్నీ ఉన్నాయి.

పెద్దోడు కిటికీలోంచి కిందనున్న బండిని చూస్తున్నాడు. “కంపెనీలో అందరికీ తొంభై అని చెప్పుకున్నా నాన్నా,” అన్నాడు మెల్లిగా. “మా నాన్న నాకోసం తొంభై పెట్టాడని.” ఆ మాట నాకు గడియారాల కొట్లో చెప్పిన ధర కంటే ఎక్కువ అనిపించింది. ఆ రోజు వాడు బండి తీయలేదు, బస్సులో వెళ్ళాడు.

నేను అమ్మాయి వైపు తిరిగాను. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి, ఎదుటివాళ్ళు నోరు తెరవకముందే ధర చెప్పాను.

“అరవై రెండు వేల నాలుగు వందలు. వాడికెంతో నీకంత. నగదు. ఏం కొనుక్కుంటావో నీ ఇష్టం.”

కవరు దాని ముందు పెట్టాను. అది లెక్కపెట్టింది. తండ్రి ఇచ్చిందే అయినా లెక్కపెట్టింది, మొదటి నోటు నుంచి చివరి నోటు దాకా. నాకు సంతోషం వేసింది.

“సరిపోయింది,” అంది.

“ల్యాప్‌టాప్ కావాలా మరి?”

“నేనే చూసుకుంటా. పాతదే కొంటా. పాతదని తెలిసి కొంటా.”

నాకు ఆశ చావలేదు. “పోనీ, ఆ డబ్బు రెండు నెలలు నా దగ్గర ఉంచితే బ్యాంకు సామాను తెచ్చేస్తాను. వడ్డీ ఇస్తా.”

“ఎంతిస్తావు?”

నోరు తెరిచి మూశాను. అప్పటికే ఆ రోజు ఒకసారి చెప్పేశాను, రెండోసారి నా వల్ల కాలేదు. అది నవ్వింది. “వద్దులే నాన్నా. ఫీజు కట్టాలి, పరికరాలు కొనాలి. ఈసారికి వదిలెయ్.”

ఇరవయ్యో తేదీ సాయంత్రం బ్యాంకు సామాను మూడు లారీల్లో నా ఎదుటే నా పోటీ వ్యాపారి గోదాముకి పోయింది. గుమ్మంలో నిలబడి బీరువాలు లెక్కపెట్టాను. నలభై కాదు, నలభై రెండున్నాయి. ఆ రెండింటినీ ఇప్పటికీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

మరుసటి సెలవు రోజు ఉదయం గోదాముకి వెళ్ళేసరికి అమ్మాయి నాకంటే ముందే వచ్చి డ్రాయింగు బల్ల పక్కన నిలబడి ఉంది. చేతిలో గుడ్డ. బల్ల తుడుస్తోంది. దాని మీద రవ్వంత దుమ్ము లేదు.

“ఏంటమ్మా?”

తుడుస్తూనే ఉంది.

“కొంటావా?”

తుడుస్తోంది. పాలిష్ తాత పని ఆపి స్టూలు లాక్కుని కూర్చున్నాడు, సినిమా చూసేవాడిలా.

“ఇంజనీరు ముప్పై నాలుగంటున్నాడు,” అన్నాను చివరికి.

“ఇంజనీరు వచ్చాడా మరి తీసుకెళ్ళడానికి? ఆ మాట అని నాలుగు నెలలైంది.” బల్ల అంచు పట్టుకుని వంచి అడుగు చూపించింది. “నాలుగు వేల రెండు వందలకి కొన్నావు. ఒక కాలు తాత మార్చాడు. ఆరు వేలిస్తా.”

“ఆరు వేలకి ఆ కాలు కూడా రాదు. పాతిక.”

“ఎనిమిది.”

“కన్న కూతురివని ఇరవై.”

“కన్న కూతురినని చెప్పే ముందు పాతిక అన్నావుగా. తొమ్మిదిన్నర.”

అలా ముప్పావు గంట సాగింది. రెండుసార్లు అది సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఒకసారి నేను వెనక్కి పిలిచాను, ఒకసారి తాత పిలిచాడు. పదకొండున్నర వేల దగ్గర చెయ్యి కలిపాం. అది తన కవరులోంచి నోట్లు తీసి ఇచ్చింది, నేను లెక్కపెట్టుకున్నాను.

“బల్ల ఎక్కడికి పంపమంటావు?” అన్నాను.

“ఇక్కడే ఉంటుంది. ఇంట్లో చోటెక్కడిది? చోటుకి అద్దె అడక్కు.”

అడుగుదామనే అనుకుంటున్నాను, మానేశాను.

తర్వాత అది బల్ల బోర్లించి, నా పాత గుర్తుల్ని గుడ్డతో తుడిచేసి, తెల్లపెన్ను తీసుకుని ఏదో రాసింది. వంగి చూశాను. నిచ్చెన లేదు, గాలం లేదు, చేప లేదు. కొత్త గుర్తులు. ఒకటి గొడుగులా ఉంది, ఒకటి తలకిందులైన కుర్చీలా ఉంది. మిగతావి ఏమిటో కూడా చెప్పలేను. ఐదంకెల ధరకి ఏడు గుర్తులున్నాయి, ఏ రెండూ ఒకలా లేవు.

“ఇదెంత?” అన్నాను.

“కొన్న ధర.”

“అది పదకొండున్నరే కదా, నాకు తెలుసు. ఏ గుర్తు ఏ అంకె?”

“తెలిసినప్పుడు అడగడమెందుకు?” అని పెన్ను మూత పెట్టింది.

ఈ లెక్క ఇక్కడ మూసేస్తున్నాను. తొమ్మిదో తేదీన చేతిలో లక్షా పన్నెండు వేలు. బయానాలో పోయినవి రెండు వేలు. అమ్మాయికి ఇచ్చినవి అరవై రెండు వేల నాలుగు వందలు. బల్ల మీద వచ్చినవి పదకొండు వేల ఐదు వందలు. చేతిలో మిగిలింది యాభై తొమ్మిది వేల వంద. బ్యాంకు సామాను మీద రావలసిన అరవై వేలు పోటీవాడి ఇంటికి చేరాయి. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు గోదాముకి వచ్చి ఒక్కో కుర్చీ తిరగేసి చూసి వెళ్ళింది. పెద్దోడు మళ్ళీ బండి నడుపుతున్నాడు, ధర మాత్రం ఎవరికీ చెప్పట్లేదు. లాభం వైపు రాయడానికి బల్ల మీద మిగిలిన ఏడు వేల మూడు వందలున్నాయి. వాటి కింద ఇంకొకటుంది. నా గోదాములో, ప్రతి సెలవు రోజూ మనిషి వచ్చి కూర్చునే ఒక బల్ల అడుగున, నాకు చదవడం రాని ఒక రాత.